సందుకు గేటు, గేటుకు సాక్షి

2022. మాస్కులు ముక్కు మీంచి జారి గడ్డం కిందికి చేరుకున్న ఏడాది. బెంగళూరులో ఒక పాత లేఅవుట్. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఆ వార్డుకు నేను అసిస్టెంట్ ఇంజనీరును. ఒక ఆదివారం పొద్దున చేతిలో స్టీలు క్యాను పట్టుకుని, ఒక సందు మొదట్లో ఇనుప గేటు ముందు నిలబడి ఉన్నాను. గేటుకు తాళం వేసి ఉంది. అవతల, కేక వేస్తే వినబడేంత దూరంలో దోసెల పిండి. ఇవతల నేను. ఆ గేటుకు కొలతలు తీసింది నేను, డ్రాయింగు గీసింది నేను, దాని వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని సంతకం పెట్టింది నేను. తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు.

చదువుకునే రోజుల్లో గేట్ అనే పరీక్ష రాసి రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పింది ఈ గేటు దగ్గర. మొదటి రెండుసార్లూ కనీసం ప్రశ్నపత్రం ఇంకెవరో తయారుచేశారు.

మా పనితో పరిచయం లేనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పాత లేఅవుట్లలో రెండు వరసల ఇళ్ళ వీపులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఒక సన్నటి సందు వదిలేవారు. దాన్ని మేం కన్సర్వెన్సీ లేన్ అంటాం. ఇళ్ళలో ఫ్లష్ లేని కాలంలో పాకీ పనివాళ్ళు వెనకవైపు నుంచి వచ్చి, ఎవరి కంటా పడకుండా మలం ఎత్తుకుపోయే దారి అది. ఆ పని పోయింది, దారి మిగిలింది. ఇప్పుడు దాని కింద మురుగు పైపులు ఉంటాయి. పైన ఇంటివాళ్ళు చూడదలుచుకోనివన్నీ ఉంటాయి: పగిలిన కమోడు, ఎవరిదో పాత పరుపు, పెళ్ళివారు పారేసిన అరిటాకులు. బండి మీద వచ్చి మెడలో గొలుసు తెంపుకుని రెండో కొసన మాయమయ్యేవాళ్ళకు అంతకన్నా అనువైన చోటు లేదు. సందు దొరికితే చాలు అంటాం కదా. వాళ్ళకు దొరికింది.

ఇలాంటి సందుకు గేటు వేసి మూసే అధికారం కార్పొరేషన్‌కు ఉంది. అయితే వీధి అందరిదీ కాబట్టి, ఊరికే మూయడానికి లేదు. మూస్తున్నామని అక్కడ నోటీసు అంటించాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. తర్వాత ఇంజనీరు వెళ్ళి మహజర్ రాయాలి. మహజర్ అంటే స్థలంలో నిలబడి, ఉన్నది ఉన్నట్టు రాసి, అక్కడి సాక్షుల చేత సంతకం పెట్టించే కాగితం. ఇవన్నీ ఉంటే పై ఆఫీసు ఆర్డరు ఇస్తుంది. ఇన్ని కాగితాల ప్రాణం ఒక్క వాక్యంలో ఉంటుంది: 'ఆక్షేపణలు ఏవీ రాలేదు.' ఆ వాక్యాన్ని నేను నా సర్వీసులో చాలాసార్లు రాశాను, తొందరలో ఉన్న పురోహితుడు మంత్రం చదివినట్టు, అర్థం వైపు కన్నెత్తకుండా.

ఈ సందుకు గేటు కావాలని అడిగింది శేషగిరిరావుగారు. బ్యాంకు మేనేజరుగా రిటైరై, ఆ వీధి నివాసుల సంఘానికి అధ్యక్షుడైన మనిషి. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న కుటుంబం. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీది నేమ్‌బోర్డు చదివి, కన్నడంలో మొదలుపెట్టిన మాటను తెలుగులోకి మళ్ళించారు.

"నీది యా ఊరప్పా?"

"బాగేపల్లి దగ్గర సార్."

"అట్లయితే మనవాడివే. చూడప్పా, నేను గలాటె చేసే మనిషిని కాదు. మా ఇంటామె మెడ ఒకసారి వచ్చి చూసిపో. ఆ తర్వాత నీకేం తోస్తే అది రాసుకో."

వెళ్ళాను. ఆయన భార్య కమలమ్మగారు పమిట కొంచెం పక్కకు జరిపి చూపించారు. గొలుసు తెగే ముందు మెడను తెంపినంత పని చేసింది. ఎర్రటి గీత, అక్కడక్కడ పక్కు కట్టి ఉంది.

"బంగారం పోతే పోనీ నాయనా," అన్నారు ఆమె. "ఇప్పుడు వెనకాల చెప్పుల చప్పుడైతే చాలు, చెయ్యి మెడ మీదికి పోతా ఉండాది. ఇంట్లో ఉన్నా అంతే."

సెలవు తీసుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే మెడ మీదికి వెళ్ళింది. ఆ చప్పుడు నా చెప్పులది. ఆ గేటు విషయంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి గానీ, ఆ భయం అబద్ధమని మాత్రం నేను ఏ రోజూ అనుకోలేదు.

తరువాత పనులన్నీ చకచకా నడిచాయి. రికార్డు గదిలోంచి పాత లేఅవుట్ ప్లాను తీశాను. సందుకు రెండు పక్కలా వరసగా ఇళ్ళ వెనక గోడలు, ఒక్క తలుపు లేదు. కన్సర్వెన్సీ లేన్‌లోకి ఏ ఇల్లూ తలుపు పెట్టకూడదన్నది నియమం, కాబట్టి ప్లానులో లేకపోవడం సహజమే. మా గ్యాంగ్‌మన్ మునియప్పతో టేపు పట్టించి, మిట్టమధ్యాహ్నం సందు రెండు కొసలూ కొలిచాను. మధ్యలోకి కూడా చూశాను. చూశాననే అనుకుంటున్నాను. ప్లానులో లేనివాటి మీద చూపు ఆగకుండా జారిపోవడం మా వృత్తిలో కాలక్రమేణా అలవడే నైపుణ్యం. మునియప్ప రెండు కొసల్లోనూ నోటీసులు అంటించాడు. గడువు దాటింది. ఎవరూ రాలేదు. మహజర్ మీద శేషగిరిరావుగారూ, సంఘం కార్యదర్శీ సాక్షి సంతకాలు పెట్టారు. నేను నా మంత్రం చదివాను. రెండు కొసలకూ గేట్లు వేయమని ఆర్డరు వచ్చింది, ఒక ఏడాది ప్రయోగంగా, షరతులతో: పగలు గేటు తెరిచి ఉంచాలి, లోపల బండ్లు నిలపకూడదు, మురుగు పనులకు అడ్డం రాకూడదు. ఆ షరతులు కూడా పాత ఆర్డరులోంచి నేను ఎత్తిరాసినవే. ఎత్తిరాయడంలో నా చెయ్యి ఎప్పుడూ తప్పలేదు.

గేటు పడిన కొన్నాళ్ళకు మా ఇంట్లో దోసెల తీరు మారింది. అట్టు అట్టలాగా రావడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఉండబట్టలేక మా ఆవిడ వనజను అడిగాను.

"ప్యాకెట్ పిండి. అట్లనే ఉంటుంది," అంది. "నాగరత్నమ్మ దగ్గర తెచ్చేదాన్ని. ఆమె దగ్గరికి దారి మూసేసినారంట. ఎవరో బుద్ధిలేని ఇంజనీరు."

అంటూనే బుద్ధిలేని ఇంజనీరు చేతికి కాఫీ గ్లాసు అందించింది. తెలిసి అందో తెలియక అందో ఇప్పటికీ అడగలేదు. కొన్ని విషయాల్లో విచారణ జరపకపోవడమే సంసారానికి మంచిది. కాఫీ తాగేసరికి స్టీలు క్యాను తెచ్చి నా ముందు పెట్టింది.

"అంత కావాలంటే మీరే పోయి తెచ్చుకోండి."

అలా నేను ఆ గేటు ముందు నిలబడ్డాను.

పట్టపగలు తాళం. షరతుకు విరుద్ధం. గేటు కమ్మీల మీద తెల్లటి చారలు కూడా కనిపించాయి. ప్రైమర్ సరిగ్గా వేయలేదని కాంట్రాక్టరును మనసులో తిట్టుకుంటూ, "నాగరత్నమ్మా!" అని కేక వేశాను. సందు మధ్యలో ఒక ఇంటి వెనక గోడకు ఉన్న తలుపు తెరుచుకుంది. అవును, తలుపే. ఆకుపచ్చ రంగు వేసి, గడపకు పసుపు రాసి, పైన మామిడాకులు కట్టిన తలుపు. టేపు పట్టిన రోజు నాకు కనబడని తలుపు.

ఒకామె బకెట్టూ గరిటె పట్టుకుని వచ్చింది. మోచేతుల దాకా పిండి.

"క్యాను కమ్మీలకు ఆనించి పట్టుకోండి సారూ. గరిటెతో పోస్తా. క్యాను దూరదు."

ఎందుకు దూరుతుంది? దొంగ చెయ్యి లోపలికి పోయి గడియ తీయకూడదని కమ్మీల మధ్య ఎడం తగ్గించింది నేనే. దొంగ చెయ్యి సంగతి తెలియదు గానీ, నా క్యాను మాత్రం దూరలేదు. ఆమె గరిటెను పక్కకు వంచి కమ్మీల మధ్యలోంచి పోసింది. సగం క్యానులో పడింది, కొంత గేటు మీద కారింది. తెల్లటి చారలు ఏమిటో అప్పుడు తెలిసింది. కాంట్రాక్టరుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇంగెట్ల? ఓపికుండేటోళ్ళు ఇట్ల పట్టుకుంటారు. లేనోళ్ళు ప్యాకెట్టు కొనుక్కుంటారు. పీజీ హాస్టలు ఆడపిల్లోళ్ళు చానామంది వస్తా ఉండ్రి, మానేసినారు. మిగిలిన పిండి సాయంత్రానికి పొంగి బకెట్టు దాటతా ఉండాది. మనిషినైతే తాళమేసి ఆపొచ్చు, పిండిని ఆపొచ్చునా సారూ?"

"ఎవరు వేయించారు ఈ గేటు?" అని అడిగాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న నా సర్వీసులో వేయలేదు.

"కార్పొరేషనోళ్ళంట. ఎవరో ఇంజనీరప్ప వచ్చి టేపు పట్టి కొల్చుకొని పోయినాడంట. ఆ పొద్దు నేను మినప్పప్పుకని మార్కెట్టుకు పోయింటి. ఉండింటే అడిగుందును."

"ఏమని?"

"సందు వెడల్పు సరే, మనిషి వెడల్పు కొల్చినావా నాయనా, అని."

దాచి లాభం లేదు. ఆ ఇంజనీరును నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను కూడా. ఆమె తిట్టలేదు. గరిటె వెనక్కి తీసుకుంది. చూపు నా మీద నిలవకుండా వెనక్కి, తన ఆకుపచ్చ తలుపు మీదికి వెళ్ళింది. మనిషి భయపడేటప్పుడు దేన్ని పోగొట్టుకుంటాడో దాని వైపు చూస్తాడు.

"గేటు ఉంటే ఉండనీలే సారూ," అంది గొంతు తగ్గించి. "తలుపు సంగతి మాత్రం రాయొద్దండి."

నాగరత్నమ్మది కదిరి పక్క పల్లె. భర్త ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక కట్టడం దగ్గర వాచ్‌మన్, అక్కడే ఉండి వారానికోసారి వస్తాడు. ఈమె ఈ ఇంటి వెనక అవుట్‌హౌస్‌లో, అంటే పెరటిగోడ ఆనుకుని కట్టిన ఒంటిగదిలో, అద్దెకు ఉంటూ గ్రైండరు పెట్టుకుని పిండి అమ్ముతోంది. ఓనరు వెనక గోడ పగలగొట్టి, అనుమతి లేకుండా ఆ తలుపు పెట్టాడు. నీళ్ళకూ సరుకులకూ మాత్రం ఆమెను ముందు నుంచి, తన ఇంటి పక్కదారిలో పోనిస్తాడు. గిరాకీలను రానివ్వడు. గేటు గురించి ఆఫీసుకు పోతానంటే ఆమెకు ఒక్కటే చెప్పాడట: నువ్వు నోరు తెరిస్తే వాళ్ళు వస్తారు, వస్తే తలుపు చూస్తారు, చూస్తే ఇటుకలు పెట్టి మూస్తారు.

ఓనరు చెప్పింది అబద్ధం కాదు. ఆమె అభ్యంతరం నా బల్ల మీదికి కాగితంగా వచ్చిన మరుక్షణం, ఆ తలుపును మూయించాల్సినవాణ్ణి నేనే. తలుపు ఉందంటేనే ఆమెకు అభ్యంతరం చెప్పే హక్కు. ఉందని చెబితే తలుపు ఉండదు.

"నోటీసు అంటించామే, అది కూడా చూడలేదా?" అన్నాను, కనీసం ఒక్క తప్పయినా ఆమె వైపు ఉంటుందేమోనని.

"చూస్తి కదా. ఆవు తింటా ఉంటే చూస్తి."

"ఆవా?"

"మైదా జిగురు కదా సారూ. మా వీధి ఆవుకు గోడ మీద కాగితమంటే పండగే. ఒక మూల పట్టి లాగింది, సగం నమిలింది, కింద పడిన సగాన్ని మళ్ళా వచ్చి తినింది. నేను సినిమా పోస్టరనుకుంటి."

మర్నాడు మునియప్పను అడిగితే అతను ఆశ్చర్యపోనేలేదు. కన్నడంలో అతనన్నది ఇది: "నేనంటించే కాగితాలు ఆవులు కాక ఎవరు చూస్తారు సార్? వార్డు సంగతులన్నీ మనుషుల కన్నా వాటికే ఎక్కువ తెలుసు." నా నోటీసును ఆసాంతం పుచ్చుకున్న ఒకే ఒక్క ప్రాణికి నిజంగానే ఏ ఆక్షేపణా లేదు. ఆ లెక్కన నేను రాసింది తప్పు కాదు.

శేషగిరిరావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సందులోనే దొరికారు. రెండో కొస గేటు లోపల నీడ కోసం పచ్చటి వల కట్టి ఉంది. దాని కింద కవరు కప్పిన కారు, క్రోటన్ కుండీల వరస, ఒక పేము కుర్చీ. కుర్చీలో ఆయన, చేతిలో పేపరు. సందు పోయి వరండా వచ్చింది.

"రా అప్పా, కూర్చో. ఎంత ప్రశాంతంగా ఉండాదో చూడు."

పగలు గేటు తెరవాలన్న షరతు గుర్తుచేశాను. కారు సంగతి గుర్తుచేశాను. ఆయన నవ్వారు. ఇక లాభం లేదని, అవుట్‌హౌస్‌లో ఉండే ఆమెకు ఒక తాళంచెవి ఇవ్వండి సార్, అని అడిగాను.

"ఆమెకు ఇస్తే ఆమె ఒక్కతే రాదు కదప్పా. పిండి కోసమని వచ్చే ప్రతివాడూ వస్తాడు. దొంగ మాత్రం దోసె తినడా?"

"ఆమె కూడా బతకాలి కదా సార్."

"బతకొద్దని ఎవరన్నారు? ముందు పక్క నుంచి బతకమను." పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఒక మాట చెప్తా, మనవాడివని. ఆ తలుపు ప్లానులో ఉండాదా? ఆమె నీ వెంటపడి ఏడిస్తే, నేనే ఒక అర్జీ ఇస్తా, అనధికార తలుపని. అప్పుడు నువ్వే వచ్చి ఇటుకలు పేర్పించాల. నీకెందుకప్పా ఈ బేజారు?"

మంచివాడు కాదని అనను. ఆయన భార్య మెడ మీది గీత ఆయనకు నిద్ర లేకుండా చేసిన మాట నిజం. కానీ ఆ భయం ఎప్పుడు పోయి, నీడ ఎప్పుడు రుచించిందో ఆయనకే తెలిసినట్టు లేదు.

వెళుతుంటే ఆయన ఇంటి ముందు గుమ్మంలోంచి కమలమ్మగారు సైగ చేశారు. భర్తకు వినబడకుండా, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ మాట్లాడారు.

"ఆ పొద్దు నేను పిండి తీసుకొనే వస్తా ఉంటిని నాయనా. అరిచినానో లేదో కూడా నాకు తెలీదు. ఆ నాగరత్నమ్మ గరిటె చేతిలో ఉండంగానే పరిగెత్తుకొచ్చింది. పిండి గిన్నె ఎత్తి బండివాడి వీపు మీదికి విసిరింది. వాడు పోయినాడు, అది వేరే సంగతి. నన్ను తన గడప మీద కూర్చోబెట్టి, మెడకు తడి గుడ్డ చుట్టింది. ఇదంతా మా ఆయనకు చెప్తే, అందుకే కదా గేటు, అంటారు. అందుకే గేటు ఎట్లవుతాదో నాకు అర్థం కాదు."

"ఇప్పుడు భయం తగ్గిందా అమ్మా?"

ఆమె ఒక చిక్కుడుకాయ నార తీసి పక్కన పెట్టారు. "అప్పుడు సందులో దొంగ ఉంటాడేమోనని భయం. ఇప్పుడు ఎవరూ ఉండరని భయం. నేను ఈ గడప దాటి చానా దినాలాయె."

ఆ మాటతో నాకు చెయ్యాల్సింది తెలిసింది. ఎలా చెయ్యాలో తెలియడానికి మాత్రం ఇంకొన్ని రోజులు పట్టింది. తలుపు అనే మాట రాయకుండా తలుపును కాపాడాలి. దారి నా కాళ్ళ కిందే ఉంది. ఆ సందు కింద మురుగు లైను ఉంది. అది పూడితే జెట్టింగ్ మెషిన్ రావాలి. అంటే నీటిని జోరుగా కొట్టి పైపులు శుభ్రం చేసే లారీ. కారూ కుండీలూ అడ్డం ఉంటే అది రాదు. షరతులు మూడూ మీరారని, లోపల జెట్టింగ్ మెషిన్‌కు దారి లేదని, ఫోటోలు పెట్టి రాశాను. గేట్లు తీసేసి రెండు కొసల్లోనూ నడుం ఎత్తు రాతి గుంజలు పాతమని సూచించాను. మనిషి నడిచిపోతాడు, క్యాను పట్టుకున్నా సరే. బండి హ్యాండిల్ దూరదు. గొలుసు తెంపేవాడు నడిచి వచ్చి నడిచి పోడు కదా. లారీ వచ్చినప్పుడు మధ్య గుంజ ఊడదీయవచ్చు, దాని తాళం వార్డు ఆఫీసులో ఉంటుంది. సందు మధ్యలో ఒక లైటు. నివేదికలో అబద్ధం ఒక్కటీ రాయలేదు. నిజాలన్నీ రాయలేదు.

పై అధికారి ఒక్కసారి చదివి సంతకం పెట్టాడు. దొంగతనం గురించి ఎవరైనా వాదిస్తారు. మురుగు గురించి వాదించే ధైర్యం ఎవరికీ ఉండదు.

మూయడానికి ఏ పద్ధతో తెరవడానికీ అదే పద్ధతి. మళ్ళీ నోటీసు, మళ్ళీ గడువు. ఈసారి కాగితం జేబులో పెట్టుకుని, ఇళ్ళలో పొయ్యిలు వెలిగే వేళ, సందులో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. ప్లానులో లేని తలుపులు ఇంకా ఉన్నాయి. ఒక తలుపు వెనక ఇస్త్రీ చేసే దంపతులు, ఒకదాని వెనక పిల్లలకు లెక్కలు చెప్పే అమ్మాయి. నోటీసులో ఉన్నది అందరికీ మామూలు మాటల్లో చెప్పాను. ముందు వీధి ఇళ్ళకూ వెళ్ళాను. లైటు కచ్చితంగా వేస్తారా అని అడిగినవాళ్ళున్నారు, గుంజలకు మోకాలు తగులుతుందేమో అన్న ఒక పొడుగాయన ఉన్నాడు, వద్దన్నవాళ్ళు లేరు. నాగరత్నమ్మ అంతా విని, "నా పేరు యాడా లేదు కదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "అట్లయితే మంచి కాగితమే," అంది.

కమలమ్మగారు అడిగారు: "మా ఆయనకు నేను చెప్పాల్నా నాయనా?"

"ఆయన అధ్యక్షులు కదమ్మా. ఆయనకు మాత్రం రూలు ప్రకారమే తెలియజేస్తాం."

ఆమె నా ముఖం వైపు చూసి, మొదటిసారి నవ్వారు. "రూలంటే మా ఆయనకు చానా ఇష్టం," అన్నారు.

గుంజలు పడ్డాయి, లైటు వెలిగింది. దొంగలు మారిపోయారని చెప్పను. పక్క వీధికి పోయి ఉండవచ్చు, దొంగలకు వార్డు సరిహద్దులు లేవు. కానీ సందులోకి మనుషులు వచ్చారు. గుంజ తల చదునుగా ఉండడంతో, గిరాకీలు క్యాను దాని మీద పెట్టి చిల్లర వెతుక్కుంటారు. ఆ సదుపాయం నా డ్రాయింగులో లేదు. ఉందని ఎవరైనా అనుకుంటే కాదనను. పీజీ అమ్మాయిలు తిరిగి వచ్చారు. కమలమ్మగారు కూడా గిన్నె పట్టుకుని ఆ ఆకుపచ్చ తలుపు దాకా వెళ్ళి వస్తున్నారని వనజ చెప్పింది. అనధికార తలుపు మీద శేషగిరిరావుగారు అర్జీ ఇస్తానన్నారు కదా, అది నేను బదిలీ అయ్యేదాకా రాలేదు. దోసెలు తినే ఇంట్లోంచి అలాంటి అర్జీ బయటికి రావడం కష్టం.

ఇప్పుడు నేను వైట్‌ఫీల్డ్ వైపు పనిచేస్తున్నాను. ఇక్కడ సందులకు గేట్లు కాదు, గేట్ల మధ్యనే సందులు. ఆ వాక్యం ఇప్పటికీ రాస్తుంటాను. అయితే దాని అర్థం తెలిసి రాస్తున్నాను. ఆక్షేపణలు రాలేదంటే ఆక్షేపించేవాళ్ళు లేరని కాదు. రాలేనివాళ్ళు ఎవరో, వాళ్ళ తలుపు ఏ గోడకు ఉందో, ముందు నడిచి చూసి రావాలి. మధ్యాహ్నం కాదు, పొయ్యి వెలిగే వేళ. గేటు ఎవరిని ఆపుతుందో అది పెట్టినవాళ్ళను అడిగితే తెలియదు. దాని ముందు క్యాను పట్టుకుని నిలబడితే తెలుస్తుంది.

ఇక రూలు ప్రకారం తెలియజేసిన సంగతి. శేషగిరిరావుగారికి నోటీసును ఆయన ఇంటి ముందు కాంపౌండు గోడకే అంటించమన్నాను. మునియప్ప చెయ్యెత్తి తన తల ఎత్తున కాగితం పెట్టబోయాడు. ఇంకా కిందికి, అన్నాను. ఛాతీ ఎత్తుకు తెచ్చాడు. ఇంకొంచెం, అన్నాను.

"ఆయన ఆరడుగుల మనిషి సార్," అన్నాడు.

"చదివేది ఆయన ఒక్కరే కాదు కదప్పా."

మునియప్ప నన్నూ, వీధి చివర నిలబడి తోక ఊపుతున్న ఆవునూ మార్చి మార్చి చూశాడు. పక్క దుకాణానికి వెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చి జిగురులో కలిపాడు. రూలు ప్రకారం నేను ఫోటో తీశాను.

గడువు దాటింది. గుంజలు పాతిన మర్నాడు శేషగిరిరావుగారు ఆఫీసుకు వచ్చారు. ఈసారి మొదలు కన్నడంలోనే, చివర కూడా కన్నడంలోనే అనుకున్నాను గానీ, కోపం ఎక్కువై తెలుగులోకి వచ్చేశారు.

"నోటీసు ఎప్పుడు అంటించినావప్పా? నా కంటికి కనబడనే లేదే."

"మీ కాంపౌండు గోడకే సార్. ఫోటో ఉంది."

కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని ఫోటో చూశారు. కాగితం నిండుగా ఉంది, ముద్ర ఉంది, నా సంతకం ఉంది, వెనక ఆయన ఇంటి నంబరు స్పష్టంగా ఉంది. కుడి పక్క మూలలో ఒక పెద్ద తెల్లటి ముఖం సగం మాత్రమే పడింది. నాలుక బయట ఉంది.

"ఈ మూలలో ఇదేంది?"

"సాక్షి సార్," అన్నాను. "పోయినసారి నోటీసుకూ ఈమే సాక్షి. అప్పుడూ ఏ ఆక్షేపణా చెప్పలేదు."